రివర్సు గేరు లేని సముద్రయాత్ర

ఈ కథలో ఒక కారు, ఒక పడవ, ఒక మేనత్త ఉన్నారు. ముగ్గురికీ ఏమీ కాలేదు. పరువు పోయింది నాలుగోవాడికి. ఆ నాలుగోవాణ్ని నేనే. మోటారు కారులో కూర్చుని, పొద్దంతా ఒకే నదిని అటూ ఇటూ దాటి, చివరికి ఎక్కిన ఒడ్డునే దిగిన మొనగాడు మన పాలమూరు జిల్లాలో ఇంకొకడు ఉన్నాడేమో నాకు తెలియదు. ఉంటే ఒకసారి వచ్చి కలవమనండి, కౌగిలించుకుని ఏడుస్తాను.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా రాలేదు. పెట్రోలు డబ్బాల్లో దొరికే రోజులు. ఊరు విడిచిపోతున్న ఒక కంట్రాక్టరు దగ్గర మా నాయన పాత కారు కొన్నాడు. వనపర్తిలో మా వీధి మలుపు తిరగాలంటే అది నాలుగుసార్లు దగ్గేది. దానికి డ్రైవరు ఖాసిం. నాకు గురువు కూడా అతనే. ముందుకు పోవడం, పక్కకు మలపడం, ఆపడం, ఈ మూడు విద్యలూ నేర్పాడు. "ఎనకకు తీసుడు రేపు చెప్త సాబ్" అన్నాడు. ఆ రాత్రే అతని కూతురికి పురిటి నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే నాగర్‌కర్నూలు పోయాడు. నేనేమీ దిగులు పడలేదు. మగవాడన్నవాడు ముందుకు పోవాలి గానీ వెనక్కి పోవడమేమిటి అనుకునే వయసు నాది.

ఇక మా మేనత్త. పేరు నాగమ్మ. నాయనకు అక్క. ఉండేది గద్వాలలో. నేను పాకే వయసులో అమ్మ పోతే, నన్ను చంకనేసుకుని కృష్ణ దాటించి తీసుకుపోయి, అయిదేళ్లు వచ్చేదాకా సాకింది ఆమే. ఆ దసరాకు జమ్మి ఇవ్వడానికి పోయి కాళ్లు మొక్కితే, ఎప్పుడూ ఏదీ అడగని మనిషి నోరు తెరిచి అడిగింది.

"పుట్టినకాడికెల్లి ఈ కృష్ణ ఒడ్డునే ఉన్నరా రంగా. దినాం నా కండ్ల ముందటికెల్లే పోతది. గిన్ని నీళ్లు యాడికి పోతయో ఒక్కపారి చూడాలె. కార్తీక పున్నానికి సముద్రంల ఒక్క మునుగు మునిగొస్త."

"పోదాం తియ్యి అత్తా. తొందరేముంది?"

"నీకు లేదురా తొందర, నా కండ్లకున్నది. పొర కమ్ముతున్నది. ఒక్క దీపం పెడితే మూడు కనపడుతున్నయి. ఇంకో ఏడాదికి సముద్రమైనా, సాకలి బానైనా నాకొక్కటే."

"నా మోటర్ల తీస్కపోత అత్తా. నేనే నడుపుత" అన్నాను. ఆ మాటతో ఆమె మొహం వెలిగిన తీరు ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది. నా పొరపాట్లన్నీ ఇట్లాంటి మంచి మాటలతోనే మొదలవుతాయి, అదేం ఖర్మో.

ఇంటికొచ్చి అరుగు మీద బొగ్గుతో లోకం పటం గీశాను. వనపర్తి నుంచి బయలుదేరి, కృష్ణ దాటి, గద్వాలలో అత్తను ఎక్కించుకుని, అలంపురం మీదుగా కర్నూలు. అక్కణ్నుంచి బెజవాడ. ఆ వెనక బందరు సముద్రం. వచ్చేటప్పుడు హైదరాబాదులో చార్మినారు. అటునుంచి అమ్రాబాదు అడవి, వీలైతే ఒక పులి. పిదప నాగర్‌కర్నూలులో ఖాసిం మనవణ్ని చూసి, ఇల్లు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అత్త ఇంకా కారెక్కకముందే నేను పులికి దండం పెట్టడం కూడా అయిపోయింది.

నాయన ఆ పటం మీద నిలబడి, సరిగ్గా బందరు మీదే కాలు పెట్టి అడిగాడు.

"పోవుడు మంచిగనే గీసినవ్. ఎనకకు మలుపుడు వస్తదా నీకు?"

"దారి గుండ్రంగ గీసిన నాయినా. ఎనకకు మలిపే పనే లేదు. ముందటికే పోతుంటే ఇల్లొస్తది."

నాయన కాసేపు నన్నూ, కాసేపు బొగ్గు గీతనూ చూసి, "గుండ్రంగ తిరిగేది గానుగెద్దు" అని లోపలికి పోయాడు. పెద్దవాళ్లకు కొత్త ఆలోచనలు ఎక్కవని నవ్వుకున్నాను. మీరూ ఇప్పుడే నవ్వేయండి, తర్వాత నా మీద జాలిపడాల్సి వస్తుంది.

పున్నమి ఇంకా వారం ఉందనగా పొద్దున్నే రేవుకు చేరాను. అప్పుడు మా రేవుకు వంతెన లేదు. రెండు పడవలు జతగా కట్టి, పైన బల్లలు పరిచి, బండ్లను దాటించేవారు. ఎక్కే వైపు వాలుగా బల్లలుంటాయి. రెండో వైపు బండి జారి నీళ్లలో పడకుండా అడ్డంగా ఇంత లావు దుంగ బిగించి ఉంటుంది. నేను హారను కొట్టుకుంటూ ఒక్క ఊపున పడవెక్కి దుంగకు జానెడు దూరంలో ఆపాను. రేవులో జనం "అబ్బో" అన్నారు. నేను మీసం లేకపోయినా ఉన్నట్టే తడుముకున్నాను.

గద్వాల ఒడ్డు దగ్గర పడుతుంటే అత్త కనపడింది. ఉతికిన తెల్లచీర, చేతిలో కర్ర, పక్కన సజ్జరొట్టెల మూట. కంటికి చెయ్యి అడ్డం పెట్టి పడవకేసి చూస్తోంది. పడవ ఒక్క చుట్టు తిరిగి, వాలు బల్లలున్న వైపే ఒడ్డుకు తాకింది. అంటే నా కారు మొహం నదికి, వీపు ఒడ్డుకు. పడవ నడిపే బాలయ్య తాడు కట్టి కేకేశాడు.

"చిన్న పటేలా, బండి ఎనకకు తియ్యి!"

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాకు ముందు కృష్ణ, వెనక రాని విద్య.

"పడవ ఇంకో దిక్కు మలుపు బాలయ్యా, ముందటికెల్లి దిగుత."

"గా దిక్కు దుంగున్నది గద పటేలా. సీలలు కొట్టిన దుంగ. ఎనకకే తియ్యాలె."

"ఇంజన్ వేడెక్కింది. జర సల్లారనియ్యి."

"నలుగురం పట్టి తొయ్యమంటవా?"

"తోస్తే పోయే బండి అనుకున్నవా ఇది!" అని కసిరాను. ఆ ఒక్క అహంకారం లేకపోతే ఈ కథ ఇక్కడే అయిపోయేది, మీరూ సుఖంగా నిద్రపోయేవారు.

జనం దిగారు. వనపర్తి అంగడికి పోయేవాళ్లు ఎక్కారు. వాళ్లకు ఆలస్యమవుతోంది. బాలయ్య తాడు విప్పేశాడు. నేను మోటారు కారులో దర్జాగా కూర్చుని వచ్చిన దారినే తిరిగి పోతుంటే, ఒడ్డు మీద అత్త నీళ్లలోకి రెండడుగులు వేసి అరిచింది.

"ఒరేయ్ రంగా! నన్ను ఇడిసిపెట్టి యాడికి పోతున్నవురా?"

"వస్తున్న అత్తా!" అన్నాను, పోతూ పోతూ.

వనపర్తి ఒడ్డున ఇందాక "అబ్బో" అన్నవాళ్లే ఉన్నారు. "ఏం పటేలా, అప్పుడే సముద్రం చూసొచ్చినవా?" అని ఒకడు. "ఉప్పగున్నదా సల్లగున్నదా?" అని ఇంకొకడు. అక్కడా వెనక్కి తీస్తేనే దిగడం. రేవు లోతు చూస్తున్నానని చెప్పాను. కారులో కూర్చుని నది లోతు ఎట్లా చూస్తారో ఎవరూ అడగలేదు. అడగకపోవడమే ఎక్కువ సిగ్గనిపించింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటినాక బోడి మల్లన్న అంటారు కదా. నాకు ఏరు దాటినా ఓడ మల్లన్నే, మళ్లీ దాటినా ఓడ మల్లన్నే.

మధ్యలో ఒకసారి ధైర్యం చేసి, గేరు కర్రను తెలియని మూలకు తోశాను. కారు ఒక్క దూకు దూకి దుంగను గుద్దింది. పడవంతా ఊగింది. పడవలోని ఆడవాళ్లు నన్ను తిట్టిన తిట్లు అచ్చులో రాయదగినవి కావు. ఆ తర్వాత ఆ కర్రను ముట్టలేదు.

మళ్లీ గద్వాల ఒడ్డుకు వచ్చేసరికి అత్త ఇక ఆగలేదు. కర్ర తాటిస్తూ పడవెక్కి, కారు వెనక సీటులో కూర్చుని తలుపేసింది.

"నువ్వు దిగకుంటే నేనే ఎక్కిన. ఇగ చెప్పు, ఏంది సంగతి?"

పడవ కదిలింది. నది నడుమకు వచ్చాం. చుట్టూ నీళ్లు, ఎండకు మెరుస్తున్నాయి. ఆమె సరిగ్గా చూడలేకపోయినా ఆ వెలుతురు వైపే తల తిప్పి కూర్చుంది. అబద్ధం చెబుదామని నోరు తెరిచాను గానీ రాలేదు.

"ఎనకకు తీసుడు రాదు అత్తా."

"మరి పొద్దుగాలికెల్లి ఎవ్వరికన్న చెప్పినవా?"

"లే."

"ఎందుకు చెప్పలే?"

"షరమైంది అత్తా, సిగ్గయింది."

అత్త రొట్టెల మూట ముడి విప్పి మళ్లీ కట్టుకుంది. తిట్టినా బాగుండేది.

వనపర్తి ఒడ్డు చేరాక ఆమే పల్లీల బండివాణ్ని పిలిచి, ఎద్దులను విప్పించి, మా కారు వెనక ఇనుపకడ్డీకి మోకు కట్టించింది. ఎద్దులు ముందుకు, మేము వెనక్కి. లోపల స్టీరింగు పట్టుకుని నేను, వెనక సీటులో మహారాణిలా అత్త. రేవు రేవంతా నవ్వు. బండి మెరక మీద నిలబడ్డాక చెమట తుడుచుకుని అన్నాను.

"అయింది గద అత్తా. ఇంకా వారమున్నది. బాలయ్యకు చెప్పి ఇప్పుడే మల్ల దాటుదాం. ఆ ఒడ్డున గూడ ఎద్దులున్నయి. అటెన్క అంతా ముందటికే తొవ్వ."

ఆమె దిగి, మూట చేతిలోకి తీసుకుంది.

"సముద్రం కాడ తొవ్వ అయిపోతదిరా బిడ్డా. ఆడికెల్లి ముందటికి లేదు, ఎనకకే రావాలె. ఎనకకు వచ్చుడు తెల్వనోనితోని నేను సముద్రం కాడికి రాను."

రొట్టెల్లో సగం తీసి నా ఒళ్లో పెట్టింది. అదే పడవలో, జనం మధ్య నిలబడి, గద్వాలకు తిరిగి పోయింది. తెల్లచీర చిన్నదవుతూ పోవడం చూస్తూ కూర్చున్నాను. నా పరువు సంగతి అప్పుడు గుర్తే లేదు. ఇంకో ఏడాదికి ఆ కళ్లు ఉంటాయో లేదో అన్నదొక్కటే భయం. ఆ పున్నమికి ఆమె కృష్ణలోనే మునిగిందని, "పోయేటి నీళ్లు పోతనే ఉన్నయి, నేనే ఈడున్న" అందని తర్వాత తెలిసింది.

నాగర్‌కర్నూలు పోయి ఖాసిం కాళ్ల మీద పడ్డాను. మనవణ్ని ఒళ్లో ఆడిస్తున్నవాడు నవ్వి, "ఒక్క దినం పని సాబ్ ఇది, దీనికింత పరేషానా?" అన్నాడు. నేర్పాడు. నాకు ఒక్క రోజు సరిపోలేదు. కళ్లంలో గడ్డివాములు గుద్దాను. మా వీధి కుక్కలు నా కారు ముందుకు వస్తే కదిలేవి కావు, వెనక్కి వస్తే ఊరు దాటేవి. చివరకు పెబ్బేరు దాకా వెనక్కే నడుపుకుంటూ పోయాను. ఎదురొచ్చిన ఒక ముసలాయన కారును ఆపి, "ఏమన్న మరిచిపోయినవా బిడ్డా?" అని అడిగాడు.

మరుసటి కార్తీకానికి గద్వాల ఒడ్డున, జనమంతా చూస్తుండగా, పడవ మీది నుంచి కారును వెనక్కి దింపాను. బాలయ్య చప్పట్లు కొట్టాడు. అత్త కొట్టలేదు. "సూద్దాం" అని ఎక్కింది. పొర ఇంకాస్త ముదిరింది, మెట్టు తడుముకుని ఎక్కింది.

పున్నమినాటి తెల్లవారుజామున బందరు దగ్గర ఇసుక అంచుకు చేరాం. హోరు వినపడుతోంది. నేను సంబరంగా వెనక్కి తిరిగి, "అత్తా, సముద్రం! చూడు!" అన్నాను. ఆమె రెండు చేతులతో కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది.

"ముందుగాల బండి మలిపి, మన ఊరి దిక్కు మొకం పెట్టు. అప్పుడు కండ్లు తెరుస్త."

వెనక్కి తీసి, మలిపి, ఆపాను. అప్పుడు కళ్లు తెరిచింది. చెయ్యి పట్టుకుని నీళ్లదాకా నడిపించాను. ఆమె ఎంత చూసిందో, ఎన్ని సముద్రాలు కనపడ్డాయో నాకు తెలియదు. మోకాళ్లదాకా దిగి, వంగి, నీళ్లను నిమిరి, "ఈడికొచ్చినవా తల్లీ" అంది, చిన్ననాటి స్నేహితురాలిని పలకరించినట్టు. నేను పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

వచ్చేటప్పుడు చార్మినారు చూపిస్తే "ఎత్తుగుందిలే" అంది. అమ్రాబాదు అడవిలో పులి రాలేదు. "దానికి ఎనకకు పోవుడు వచ్చు, పోయింది" అంది.

అత్త పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు సభాముఖంగా, కృష్ణమ్మ మీద, ఖాసిం మీద, పల్లీల బండి ఎద్దుల మీద ఒట్టేసి చెబుతున్నాను: తిరిగి రావడం తెలియని దారిలో ఇక ఎన్నటికీ అడుగు పెట్టను. ఒక్క దారికి మాత్రం మినహాయింపు. అత్త అక్కడికి ముందే పోయి, మూట పక్కన పెట్టుకుని, నా కోసం చూస్తూ ఉంటుంది. ఆ ఒడ్డుకు మాత్రం నాకు మొదట వచ్చిన డ్రైవింగే సరిపోతుంది.