అధ్యక్షుడి కుర్చీ, అవిసె నూనె

మంగళవారం పొద్దున తొమ్మిది గంటల నలభై నిమిషాలకు, బోధన్‌లో ఒక చెరకు రైతుల సంఘం ఆఫీసులో, అధ్యక్షుడి కుర్చీ మీద నేను సుద్దముక్కతో రెండు అక్షరాలు రాశాను. గోడ గడియారం చూసే చెబుతున్నాను.

అప్పుడు నేను నిజామాబాద్‌లో ఒక ఫర్నిచర్ కార్ఖానాలో పాలిష్ మేస్త్రిని. పని మానడానికి ఇంకా రెండేళ్లుంది. మా సేట్ అప్పటికే స్ప్రే మిషన్ కొన్నాడు; చేతి పాలిష్ దండగ అని రోజూ అనేవాడు. ఈ టేకు కుర్చీ పని మీద నన్ను పంపుతూ ఒకటే మాట చెప్పాడు. మంగళవారం పదకొండింటికి కొత్త అధ్యక్షుడు రాజేశ్వర్ పటేల్ అందులో కూర్చుంటాడు, ఆయన తెల్ల లాల్చీకి మరక అంటితే చేతి పాలిష్ బంద్, నీతో సహా.

చేతి పాలిష్‌లో వరస తప్పకూడదు. ముందు కాచిన అవిసె నూనె. అది కట్టె లోపలికి ఇంకుతుంది. నాలుగైదు రోజులు ఆరనివ్వాలి. తర్వాత లక్క. దాన్ని స్పిరిట్‌లో కరిగించి, దూది మూటగట్టిన గుడ్డతో రుద్దుతాం. అరగంటలో ఆరుతుంది. కింది నూనెకూ పై వార్నిష్‌కూ మధ్య అడ్డుగోడ అదే. అన్నిటికంటే పైన వార్నిష్. నూనె పచ్చిగా ఉండగా దాని మీద ఏం పూసినా నెల దాటినా జిగట పోదు. నేను గురువారం ఆ ఆఫీసులోనే నూనె పట్టించాను. మంగళవారం పొద్దున లక్క వేసి, ఆయన కూర్చుని లేచాక తీరికగా వార్నిష్ వేద్దామనుకున్నాను.

పోయి చూస్తే కుర్చీ తడితడిగా ఉంది. నేను వదిలిపెట్టిన నూనె డబ్బా ఖాళీ. అటెండర్ గంగారాం ముందురోజు దాన్నంతా కుర్చీకి పట్టించాడు.

“మెరుస్తలేదని జరంత రాసిన మేస్త్రీ. పటేల్ ఖుష్ అయితడు,” అన్నాడు.

తిట్టవలసినంత తిట్టాను. టర్పెంటైన్‌తో తుడిస్తే కొంతైనా దిగుతుందని బజారుకు బయలుదేరాను. ఈలోగా ఎవరూ ముట్టకుండా కుర్చీ వీపు మీద, కొత్త నూనె అంటని చోట రాసిపెట్టాను: తేలు.

నేను రాయాలనుకున్నది తేల్. మా ఉస్తాద్ ఉర్దూ మాట్లాడేవాడు. ఆయన దగ్గర పని నేర్చిన వాళ్లందరం నూనెను తేల్ అనే అంటాం. మా కార్ఖానాలో సామాను మీద ఆ మాట కనిపిస్తే ఎవరూ చెయ్యి పెట్టరు. నేను అక్షరాలు నేర్చుకుంటున్నది ఆ ఏడే, వయోజన విద్య కేంద్రంలో. గుణింతాలు అయ్యాయి. పొల్లు పాఠం ఇంకా రాలేదు. చివర ఏదో ఒకటి ఉండాలని కొమ్ము పెట్టాను.

టర్పెంటైన్ సీసాతో తిరిగి వచ్చేసరికి పదిన్నర. కుర్చీ వాకిట్లో తలకిందులుగా పడి ఉంది. గంగారాం దాని కాళ్ల సందుల్లో కట్టెతో పొడుస్తున్నాడు.

“నల్లది! నా కండ్లతోని చూసిన!”

“ఇందాక ఎర్రదంటివి. సక్కగ చెప్పు,” అంది వర్ని నుంచి వచ్చిన సంఘం డైరెక్టర్ లక్ష్మవ్వ.

ఇంకో డైరెక్టర్ సాయన్న అరుగు మీద కూలబడి తొడ పట్టుకుని మూలుగుతున్నాడు. కుర్చీ పక్కన నిలబడితే కుట్టిందట, మంట నెత్తికెక్కుతోందట. టీ హోటల్ యాదగిరి గిన్నెడు మరిగే నీళ్లు తెచ్చాడు, సందుల్లో పోయడానికి. ఆ నీళ్లు పడితే జాయింట్లను అతికించిన సరేసు కరిగి కుర్చీ విడిపోతుంది. కుర్చీతో పాటు నేనూ పోతాను. అడ్డం నిలబడ్డాను.

“తేలు లేదు! తేల్ ఉన్నది!”

“ఉన్నదంటున్నడు కదా, పొయ్యి!” అన్నాడు గంగారాం.

“ఉన్నది గని కుట్టదయ్యా!”

“మరి నన్ను కుట్టింది మీ తాతనారా?” అని సాయన్న లేచాడు.

కొత్త అధ్యక్షుడు రాజేశ్వర్ పటేల్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. “ఏం మేస్త్రీ, పెంచుకుంటున్నవా ఏంది?”

క్లర్క్ జలీల్ సాబ్ రిజిస్టర్‌తో బయటికొచ్చి, కుర్చీ మీది రాత చూసి, నా చేతిలో సీసా చూసి, నవ్వు ఆపుకోలేక గోడకానుకున్నాడు. “అరె, గాయిన చెప్పేది తేల్! అల్సీ కా తేల్! నూనె!”

అందరూ సాయన్న వైపు తిరిగారు. ఆయన తగ్గలేదు. నూనె అయితే నూనె, తనను కుట్టింది మాత్రం తేలే అన్నాడు. తొడ మీద గాటు లేదు. ఆ మాట పైకి అంటే ఆయన ఊరుకునేలా లేడు. పటేల్ ఇరకాటంలో పడ్డాడు: తేలు లేదంటే తొలిరోజే ఒక డైరెక్టర్‌ను అబద్ధాలకోరు చేసినట్టు, ఉందంటే ఆ కుర్చీలో కూర్చోలేడు. చివరికి, తేలు కారణంగా సమావేశం వచ్చే సోమవారానికి వాయిదా అని రాయమన్నాడు.

“పొల్లు పెట్టాల్నా, కొమ్ము పెట్టాల్నా?” అని జలీల్ సాబ్ అడిగాడు.

“కొమ్మే పెట్టు.”

నాకు ఆరు రోజులు దొరికాయి. పైనూనె తుడిచి ఆరబెట్టాను, శనివారం లక్క వేశాను, వార్నిష్ జోలికి పోలేదు. సోమవారం పటేల్ గంటన్నర కూర్చుని లేచాడు. లాల్చీ లాల్చీలాగే ఉంది. నేను పని మానేదాకా సేట్ చేతి పాలిష్ ఆపలేదు.

నేర్చుకున్నది ఇంతే. నూనె డబ్బా పని జాగాలో వదిలిపెట్టకూడదు. ఆరని సామానును గదిలో పెట్టి తాళం వేయాలి, దాని మీద రాతలు రాయకూడదు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: రాజేశ్వర్ పటేల్, లక్ష్మవ్వ, జలీల్ సాబ్, గంగారాం, యాదగిరి, నేను, తేలు కుట్టిన సాయన్న. రిజిస్టర్‌లో అలాగే ఉంది కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను.