పళ్ళ పిన్ని బొమ్మలు

మా వీధిలో ఆమెను అందరూ పళ్ళ పిన్ని అనేవారు. పళ్ళ డాక్టరు క్లినిక్‌లో, వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు చేయడం ఆమె పని. కిటికీ కింద పొడవాటి బల్ల, దాని మీద చిన్న మంట, మైనం ముద్దలు, ఆరబెట్టిన ప్లాస్టరు దవడలు. కొత్తగా చూసినవాళ్ళు ఝడుసుకునేవారు. "భయమెందుకు? ఇవి కరవవు," అనేది పిన్ని.

ఇంటికొచ్చాక వంటింటి బల్ల దగ్గర కూర్చుని కీలుబొమ్మలు చెక్కేది. నిద్రమొహం ముసలాయన, అలిగిన ఏనుగు, ఏది తోస్తే అది. దారం లాగితే అవి తల తిప్పి చూసేవి. ముక్కు కుదరకపోతే పక్కన పడేసి మరో చెక్క అందుకునేది. బాబాయి సిటీ బస్సు డ్రైవరు. "ఇవాళ ఉప్పు సరిపోయింది గానీ చెక్కపొడే కాస్త ఎక్కువైంది," అంటూ కూర లొట్టలేసుకుంటూ తినేవాడు.

ఒకసారి బడి పిల్లల నాటకంలో ఆ బొమ్మలు ఆడుతుంటే, బొమ్మలాటల బృందం నడిపే ఒకావిడ చూసింది. "ఇంత పనితనం పెట్టుకుని పళ్ళ మధ్య కూర్చున్నావేంటమ్మా! మా దగ్గరికొచ్చెయ్. రోజంతా బొమ్మలే."

పిన్ని బాబాయి మొహం చూసింది.

"ఇష్టమైన పనే ఉద్యోగమైతే ఇంకేం కావాలి? వెళ్ళు. ఇల్లు నేను చూసుకుంటా," అన్నాడాయన.

మొదట్లో ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ తర్వాత కుందేళ్ళ ఆట ఒకటి బాగా పేలింది. ఇక చేసినవన్నీ కుందేళ్ళే. అవే చెవులు, అవే కళ్ళు. ఊరూరా తిరిగి, విరిగి వచ్చినవాటికి మరమ్మతులు. సెలవు రోజుల్లోనే ఆటలెక్కువ కాబట్టి ఇల్లు నిద్రపోవడానికే పనికొచ్చేది.

ఎలాగో దొరికిన ఒక ఆదివారం మనవరాలు చెక్క ముక్క పట్టుకుని వచ్చింది.

"అమ్మమ్మా, నాకో పిల్లి చేసిపెట్టవూ?"

"ఇవాళ కూడా బొమ్మలేనా? నా ప్రాణం తియ్యకు!"

పిల్ల చప్పుడు చేయకుండా ఆ ముక్కను గూట్లో పెట్టేసి వెళ్ళిపోయింది. కూరగాయలు తరుగుతున్న బాబాయి చెయ్యి ఆగింది.

కాసేపటికి పిన్ని అడిగింది. "అలా అన్నానేంటండీ నేను?"

"అలసిపోయి అన్నావులే."

"కాదు. నిజంగానే విసుగొచ్చింది. బొమ్మ మాటెత్తితే నాకు విసుగు!"

ఆ మాట అన్నాక ఆమెకే భయం వేసింది. లేచి వెళ్ళి మనవరాలిని పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పిల్లి మొదలుపెట్టింది.

మరుసటి వారం బృందం ఆవిడతో మానేస్తానని చెప్పింది.

"పేరొచ్చే వేళకా? త్వరలో పెద్ద రంగస్థలం మీద ఆడబోతున్నాం!"

"తెలుసమ్మా. కానీ బొమ్మలంటే ఇష్టం చచ్చిపోకముందే నేను ఇంటికెళ్ళాలి."

డాక్టరు మళ్ళీ పనిలో పెట్టుకున్నాడు, ఉదయం పూట మాత్రమే. పిన్నికి కావలసిందీ అంతే. వచ్చిన అదృష్టాన్ని కాలదన్నుకుందని వీధిలో చెవులు కొరుక్కున్నారు.

పెద్ద రంగస్థలం మీద ఆట పడిన రోజు టికెట్టు కొనుక్కుని బాబాయితో వెళ్ళింది. తాను చెక్కిన కుందేళ్ళు దీపాల వెలుగులో గెంతుతుంటే హాలంతా చప్పట్లు. బొమ్మలు చేసినవారంటూ మరొకరిని వేదిక మీదికి పిలిచారు. పిన్ని కూడా చప్పట్లు కొట్టింది. ఆమె కళ్ళు తడవడం బాబాయి చూశాడు.

"పోనీ, మళ్ళీ వెళ్తావా?" మెల్లగా అడిగాడు.

"ఉహూఁ. కాసేపు బాధపడనివ్వండి, చాలు."

బయట ఇంకా ఎండ ఉంది. ఇద్దరూ బస్సెక్కారు. మలుపు వచ్చినప్పుడల్లా బాబాయి కుడికాలు తనకు తెలియకుండానే లేని బ్రేకును నొక్కుతోంది. అది చూసి పిన్ని కళ్ళు తుడుచుకుంటూనే ఫక్కున నవ్వింది.