జారవలసిన క్లచ్

మా ఇంట్లో డిగ్రీ అందుకున్న మొదటి మనిషిని నేను. మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి, ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటూ, కామారెడ్డిలోని మా బాపు షెడ్డులో పని చేసిన సంవత్సరం అది. నేను బాపు అని పిలిచే మా నాన్న బడికి వెళ్లింది నాలుగో తరగతి వరకే. అయినా సదాశివనగర్ నుంచి రాజంపేట దాకా ఎక్కడ వరికోత యంత్రం ఆగినా, బోరు లారీ గుంజకపోయినా ఆయన కోసమే వచ్చేవారు. ఆ షెడ్డులో ఒక నియమం ఉండేది. గిరాకీ, అంటే పని తెచ్చిన మనిషి, ఎదుట ఉన్నప్పుడు పానా పట్టుకున్న మనిషికి ఎవరూ ఎదురు చెప్పకూడదు. చెప్పవలసింది ఉంటే గిరాకీ వెళ్లిపోయాక చెప్పాలి. నాకు అది సమంజసంగానే తోచేది.

ఒకనాడు ఎల్లారెడ్డి వైపు నుంచి ఒకాయన ట్రాక్టరు ట్రాలీ మీద నీటి స్కూటర్‌ను తెచ్చాడు. గల్ఫ్‌లో పన్నెండేళ్లు సముద్రపు ఒడ్డున అటువంటి బండ్లనే కడిగి, నడిపి వచ్చిన మనిషి. జలాశయం చూడవచ్చేవారిని తిప్పి బతుకుదామని పాతది ఒకటి కొనుక్కున్నాడు.

"మోత మస్తు చేస్తదన్నా, కని ఉరకది. ముగ్గురు మెకానిక్‌లు చూసిండ్రు. ఒకాయన పెట్రోల్ల నీళ్లు కలిసినయన్నడు."

"నీళ్ల మీద తిరిగేదానికి నీళ్ల రోగం గాక ఏమొస్తది?" అని బాపు నవ్వి, ముందు పెట్రోలు, తరువాత ప్లగ్గులు చూశాడు. రెండూ బాగానే ఉన్నాయి. గాలి గొట్టం ఊడదీస్తే లోపల అరచేయంత పంకా కనిపించింది. వేలితో తాకాడు. అది ఆటవస్తువులా గిరగిరా తిరిగింది.

అదే సూపర్‌చార్జర్. లారీ టర్బోలాగే ఇంజనులోకి గాలిని దట్టించి పంపుతుంది. టర్బోను పొగ తిప్పితే, దీనిని ఇంజనే గేర్లతో తిప్పుతుంది. గేరుకూ పంకాకూ నడుమ చిన్న క్లచ్ ఉంటుంది. ఇంజను ఆగి ఉండగా పంకా అంత సులువుగా తిరుగుతోందంటే, ఆ క్లచ్ పట్టు వదిలేసిందని అర్థం.

విప్పి చూస్తే క్లచ్ లోపలి పింగాణీ వంటి రెండు వాషర్లలో ఒకటి పగిలిపోయింది. బాపు ముక్కలను తెల్లటి తువ్వాల మీద పేర్చి, పగిలిన సాసరులా కలిపాడు. గోరంత ఖాళీ మిగిలింది.

"గా ముక్క ఇంజన్ల ఉన్నది. దొరికెదాక మూత పెట్టేది లేదు."

రెండు రోజులు వెతికాము. ఆయిలును పలుచటి గుడ్డలో వడగట్టాము. చివరికి అది ఆయిలు జల్లెడలో ఇరుక్కొని దొరికింది. ఖాళీలో సరిగ్గా అమరింది. ఏ పుస్తకమూ చదవకుండా బాపు చేసిన ఆ పనికి నేను ఈనాటికీ నమస్కరిస్తాను.

తప్పు ఆ తరువాత జరిగింది. ఉక్కు వాషర్లు తెప్పించి, యజమాని ఎదుటే బిగించేటప్పుడు, బాపు తన చేత్తో కత్తిరించిన పలుచటి రేకు ఒకటి అదనంగా వేశాడు. క్లచ్‌లోని స్ప్రింగు గట్టిగా అదుముకుంది. ఇనుప కడ్డీ పెట్టి బలమంతా వాడినా క్లచ్ కదలలేదు.

"జారుడు బంద్," అన్నాడు. యజమాని ముఖం వెలిగింది.

ఆ యంత్రం పుస్తకం నా ఫోనులో ఉంది. ఆ ఉదయమే చదివాను. ఆ క్లచ్ ఒక హద్దు వరకు పట్టి ఉంచాలి, హద్దు దాటితే జారాలి. ముప్పై ఏళ్లు ట్రాక్టర్లు విప్పిన మనిషికి జారే క్లచ్ అంటే చెడిపోయిన క్లచ్చే. గిరాకీ వెళ్లాక చెబుదామనుకున్నాను. కాని గిరాకీ వెళ్లనే లేదు. బిగించిందాకా నిలబడి, మమ్మల్ని కూడా ట్రాక్టరులో ఎక్కించుకొని ఎల్లారెడ్డి దాటి నీళ్ల ఒడ్డుకు తీసుకుపోయాడు. దారి పొడవునా బాపుకూ నాకూ నడుమ ఆయనే కూర్చున్నాడు. నా మౌనాన్ని నేను మర్యాద అనుకున్నాను. పొరపడితే నవ్వులపాలవుతానన్న భయమూ అందులో ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఒడ్డున యజమాని భార్య అప్పటికే లైఫ్ జాకెట్ తొడుక్కొని ఉంది.

"పన్నెండేండ్లు ఫోన్ల చూపించినవు. ఇయ్యాల ఎక్కియ్యకపోతే గీ బండిని పాత ఇనుము వాళ్లకే ఇచ్చేస్త," అంటోంది భర్తతో.

ఆమె నీళ్లలో కాలు పెట్టగానే నా నోరు తెరుచుకుంది.

"బాపూ, ఆ క్లచ్ జారాలె."

"ఏమంటున్నవ్?"

"అల మీద ఎగిరినప్పుడు ఇంజను ఒక్కసారి ఉరుకుతది, నీళ్లల్ల పడంగనే తగ్గుతది. పంకా గంత వేగంల ఉన్నది ఎట్ల తగ్గుతది? క్లచ్ జారి ఆ దెబ్బ తీసుకోవాలె. లేకుంటే గేరు పండ్లు రాలి ఇంజన్ల పడ్తయ్."

"గింతసేపు నోట్ల ఏం పెట్టుకున్నవ్?"

"కాక ఉన్నడని..." అన్నాను యజమాని వైపు చూసి.

"కాక నీళ్ల నడుమ ఆగిపోయినంక చెప్తుంటివా?"

బాపు యజమాని వైపు తిరిగి, "తమ్మీ, బండి దించకు. నేను తప్పు బిగించిన," అన్నాడు. గిరాకీ ఎదుట ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి.

వెంట తెచ్చిన పానాలతో విప్పితే, గంటన్నరలో సూపర్‌చార్జర్ మళ్లీ తువ్వాల మీదికి వచ్చింది. రేకు తీసేశాము. హద్దు కొలవడానికి పరికరం లేదు. ఒడ్డున చేపలమ్మే ఆయనను స్ప్రింగు కాంటా అడిగి తెచ్చి, గేరు తిరగకుండా బిగించి, పంకా ఇరుసుకు కడ్డీ పెట్టి, దాని చివర కాంటా కొక్కెం తగిలించి లాగాను.

"ఎన్ని కిలోలున్నది మీ చేప?" అన్నాడాయన.

కడ్డీ పొడవుతో హెచ్చించి చూస్తే పుస్తకంలోని లెక్క వచ్చింది. మూడుసార్లూ అక్కడే జారింది. బాపు కాంటా తీసేసి, తానే కడ్డీ పట్టుకొని పదేపదే లాగాడు. ఆ పట్టు ఎక్కడ వదులుతుందో చేతికి నేర్పుతున్నాడని తెలిసింది.

బిగింపు పూర్తయ్యాక ఆమె లేచి నిలబడింది.

"ఆగమ్మా. ముందు నేనెక్కుత," అన్నాడు బాపు.

"నీకు ఈత రాదు గదన్నా!" అన్నాడు యజమాని.

"బండి నేను కట్టింది గద. నడువు."

జాకెట్ తొడుక్కొని, యజమాని నడుమును రెండు చేతులా వాటేసుకొని పోయాడు. బండి తాను లేపిన అలల మీదనే ఎగిరి పడిన ప్రతిసారీ నా లెక్క నేను మళ్లీ చేసుకున్నాను. లెక్క సరిగ్గానే వస్తోంది, ఊపిరి మాత్రం రావడం లేదు. పక్కన ఆమె, "మీ నాయినకు గింత ధైర్యమెక్కడిది బిడ్డా?" అంటోంది. ధైర్యమో కాదో నాకు తెలియదు.

తడిసి ముద్దయి దిగాడు. జాకెట్ విప్పుతూ నా వైపు చూశాడు.

"ఇంకేమన్న ఉన్నదా చెప్పేది? ఉంటే ఇప్పుడే చెప్పు. ఆమె ఎక్కుతది."

యజమాని, భార్య ఇద్దరూ నా ముఖమే చూస్తున్నారు. ఫోనులో చదివిన ఆ పుట మొత్తం మనసులో మరొకసారి చదువుకొని, అప్పుడు లేదన్నాను.