రెండో టెర్మినల్‌లో కామాక్షి

1988లో మా కంపెనీ నన్ను ఆత్మకూరులో సిస్టమ్స్ ఇంజనీరుగా వేసింది. అక్కడి పాడి రైతుల సంఘానికి ఆత్మకూరులో ఒక కంప్యూటరు, ఉదయగిరిలో ఒకటి. మొదటిది డాస్, రెండోది యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద నడిచేవి. రెండింటి తీరూ వేరు. సభ్యుల ఫైలును ఒకసారి మూశాక గుమాస్తాలు చూడవచ్చు గాని దిద్దకూడదు. ఈ కట్టడి రెండు చోట్లా ఒకేలా నిలుస్తుందని పరీక్షించి సంతకం పెట్టడం నా పని.

పరీక్ష చిన్నదే. ఫైలుకు 'చదవడానికి మాత్రమే' అన్న గుర్తు పెట్టి, అందులో ఒక పేరు మార్చబోవాలి. మెషీన్ కుదరదనాలి. ఆత్మకూరు మెషీన్ ఠక్కున కుదరదంది. ఉదయగిరి మెషీన్ కిక్కురుమనకుండా మార్చేసింది. మళ్లీ చేసినా అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. పనికిరాదని రాసి సోమవారం రిపోర్టు పంపేద్దామనుకున్నాను.

ఉదయగిరిలో ఆపరేటరు రహంతుల్లా. ఈ ఉద్యోగం వచ్చిందని లారీ నడపడం మానుకున్న మనిషి. పరీక్ష ముగిసేదాకా నేను తప్ప ఎవరూ గదిలోకి రాకూడదని పైవాళ్ల ఉత్తర్వు కాబట్టి టీ గుమ్మంలోనే అందించేవాడు.

"ఏంది సార్, మీరు బాగలేదని రాస్తే మెషీన్ ఎత్తుకపోతారంట గదా! అది పోతే ఇంక నాతో ఏం పని ఉండాది?" అన్నాడు.

టీ అందుకుని తలుపు వేసుకున్నాను.

ఆ గదిలో ఏసీ రొద తప్ప పలకరించే దిక్కు లేదు. అంతకుముందు ఏడే నా భార్య కామాక్షి పోయింది. ఉదయగిరి లాడ్జి అయినా, ఆత్మకూరులో అద్దె ఇల్లయినా నాకు ఒకటే. యూనిక్స్‌లో 'ఇప్పుడు ఎవరెవరు పనిలో ఉన్నారు' అని అడిగే కమాండ్ ఒకటుంది. రోజూ అడిగేవాణ్ణి. రోజూ ఒకే పేరు వచ్చేది, రూట్ అని. అంటే మెషీన్ మీద సర్వాధికారి, అంటే నేనే. ప్రోగ్రాములు ఎక్కించాలంటే ఆ హోదా కావాలి, అందుకే పొద్దస్తమానం అందులోనే ఉండేవాణ్ణి.

శనివారం మధ్యాహ్నం ఏం బుద్ధి పుట్టిందో, కామాక్షి పేరుతో కొత్త యూజరును తయారుచేసి, రెండో టెర్మినల్‌లో ఆ పేరుతో లోపలికి వెళ్లాను. మళ్లీ ఎవరెవరున్నారని అడిగాను. ఇద్దరం ఉన్నాం. చాలాసేపు ఆ రెండు వరసల్నే చూస్తూ కూర్చున్నాను. "ఆ మెషీన్‌తోనే కాపరం చేసుకోపో" అని ఎన్నిసార్లు దెప్పిందో మహాతల్లి! ఊరికే కూర్చోలేక ఆమె పేరు మీదే పరీక్ష నడిపాను.

అనుమతి లేదు అంది మెషీన్.

అప్పుడు వెలిగింది. డాస్ గుర్తునే చూస్తుంది, అడిగేది ఎవరని చూడదు. యూనిక్స్ మనిషిని చూస్తుంది, సర్వాధికారిని మాత్రం ఆపదు. తాళం బాగానే ఉంది. ఇన్నాళ్లూ తలుపు తోసి చూసినవాడి దగ్గరే అన్ని తాళంచెవులూ ఉన్నాయి.

రహంతుల్లాను పిలిచి మెషీన్ బాగుందన్నాను. "బతికించినారు సార్!" అన్నాడు. తర్వాత నా మొహం చూసి, "ఏంది సార్, అట్టుండారు?" అన్నాడు. ఏమీ లేదన్నాను.

ఆ తర్వాత నేను రాసిన ఏ పరీక్షయినా, నడుపుతున్నది ఎవరని ముందు అడిగేది. సర్వాధికారి అయితే అక్కడే ఆగిపోయేది. ఏ అధికారమూ లేని మనిషిగా వెళ్లి అడిగితేనే కట్టడి ఉందో లేదో తేలుతుంది. నేను నేర్చుకున్నది అదే.

ఉదయగిరి మెషీన్‌ను సంఘానికి అప్పగించే ముందు, పరీక్ష కోసం పెట్టిన పేర్లన్నీ తీసెయ్యాలన్నది మా నియమం. తీసేశాను. ఎవరెవరున్నారని మళ్లీ అడగలేదు.