పైచేను విత్తనం

శీతాకాలం చివర్లో నా భార్య పోయింది. జ్వరమనుకున్నాం. కొండ దిగి పెద్దాసుపత్రికి చేర్చేసరికి మాట పడిపోయింది. మర్నాడు ఉదయం ఇంటికి తెచ్చుకున్నాం. అరకు చుట్టుపక్కల ఊళ్లలో ఆమెను ఎరిగినవాళ్లు చాలామంది. కబురు అందనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మాకు గెడ్డ, అంటే కొండవాగు, పక్కన కొంత పల్లపు భూమి, దాని ఎగువన వాలులో పైచేను. పెళ్లైన కొత్తలో గెడ్డ నీరు దానంతటదే కాలువలో పారి వరిమడికి చేరేది. పైచేనుకి వానే దిక్కు. అక్కడ చోళ్లు వేసేవాళ్లం, మీరు రాగులంటారు. తర్వాత గెడ్డలో నీరు తగ్గి, తోడడానికి డీజిలు ఇంజను వచ్చింది. సంత నుంచి జీపులో డబ్బాతో నూనె తెచ్చేవాళ్లం. నూనె పోసి తోడిన నీరు చోడికి పెడితే గిట్టదు. కాబట్టి క్యాబేజీ, టమాటా. అప్పుడు ఆమె అన్న మాట ఊళ్లో ఇంకా చెప్పుకుంటారు: "నీరు ఎవుడి సేతిలో ఉంటే పంట ఆడి మాటే ఇంటాది. ఇప్పుడు మనం డీజిలు కొట్టోడు సెప్పిందే ఏత్తన్నాం."

పైచేను మాత్రం ఇంజనుకి ఇవ్వలేదు. కారణం విత్తనాల పండగ. చైత్రంలో ఇంటింటి ఆడవాళ్లూ సొంత విత్తనం గుప్పెడు గ్రామదేవత దగ్గరికి తీసుకెళ్తారు. పూజారి అన్నీ కలిపి తిరిగి పంచుతాడు. అది ఇంటి విత్తనంలో కలిపాకే దుక్కిలో గింజ పడాలి. క్యాబేజీ మొదలయ్యాక చాలా ఇళ్లలో సొంత విత్తనం లేకుండా పోయింది. ఒక ఏడు పక్కింటి వదిన కొట్లో కొన్న మొక్కజొన్న గింజలు, గులాబీరంగు మందు పూసినవి, చేటలో పోసి తెచ్చింది. పూజారి తాకకుండా పక్కన పెట్టాడు. వదిన తల దించుకుంది. నా భార్య తన చోళ్లలో సగం ఆ చేటలో వంపి, "మందేసిన గింజ తింటే అమ్మోరికి కడుపునొప్పొత్తాది అక్కా" అంది. వదిన ఏడుస్తూనే నవ్వింది.

తర్వాత సోలార్ పలకలు పెట్టించాం. నూనె బాధ తీరింది. కానీ పొగమంచు విడిచేదాకా మోటారు తిరగదు. అది గమనించి ఆమె శీతాకాలం నారుమళ్లు తగ్గించి, నీరు ఆలస్యమైనా ఓర్చుకునే రాజ్మా పెంచింది. స్విచ్చి ఎప్పుడూ వేసే ఉంచేది. ఎండ తగలగానే మోటారు అదే తిరుగుతుంది.

ఇప్పటికీ తిరుగుతోంది. దినాలు వెళ్లిన మర్నాడు, మంచు విడుతుండగా, తొట్టిలో నీళ్లు పడుతున్న చప్పుడు. లేచి రెండు గ్లాసుల టీకి నీళ్లు పెట్టాను. అవి మరిగాక గుర్తొచ్చింది. ఆ స్విచ్చి చివరిసారి వేసింది ఆమె. మేమెవరమూ దాన్ని తాకలేదు.

ఆ వారంలోనే నా బావమరిది నల్ల గొట్టం చుట్ట తెచ్చి పైచేను గట్టున దించాడు. మంచివాడు, అక్క పోయిన బాధలో ఏదో ఒక పని కావాలి అతనికి. "ఎండ ఊరకనే ఒత్తంది బావా. గొట్టం ఏసేత్తే పైన కూడా క్యాబేజీయే. ఇంకెవుల కోసం ఆ సోళ్లు?"

పండగకి విత్తనం తీసుకెళ్లేది ఆడవాళ్లు. మా ఇంట్లో ఇక ఆడవాళ్లెవరూ లేరు. ఎప్పుడు ఈ మాట వచ్చినా ఆమె ఒకటే అనేది: "పైసేను వాన మాట ఇంటాది. దాన్నొగ్గీ." వదిలెయ్యమన్న ఆ మాట వినబడుతూనే ఉంది. గొట్టం చుట్ట మాత్రం గట్టునే ఉండిపోయింది.

పండగ ఉదయం పక్కింటి వదిన ఖాళీ చేటతో మా గుమ్మంలో నిలబడింది. "గింజ నువ్వు తీసియ్యి బాబూ. సేట నాను పట్టుకెల్తాను."

గొట్టం తీసుకుపొమ్మని బావమరిదికి ఫోన్ చేశాను. సరే బావా అన్నాడు, ఇంకేం అడగలేదు. నిచ్చెన వేసుకుని అటక మీది కుండ మూత తీశాను. బూడిద కలిపిన చోళ్లు. జ్వరం రాకముందు ఆమె ఎవరికో గింజలు తీసిచ్చినట్టుంది. మధ్యలో ఆమె గుప్పెడు తీసిన పల్లం, వేళ్ల జాడలతో అలాగే ఉంది. అది చెదరకూడదని అంచు నుంచి మెల్లగా తీశాను.

గింజలు జారి, పల్లం పూడిపోయింది.