తప్పంతా ఈకదే

మనుబోలులో మా బాణాల షెడ్డుకొచ్చి ఎవరు గురి తప్పినా, తల నెరిసిన మా సమాధానం అన్న మనిషిని తప్పుపట్టడు, బాణం ఈకను తిడతాడు. నేను వెదురు బొంగులు చెక్కి నునుపు చేస్తాను, ఆయన వాటి తోకకు ఈకలు అతికిస్తాడు. పదకొండేళ్లుగా అదే పని, అదే తిట్టు.

ఇంట్లో పులుసు మాడినా, "పొయ్యిలో ఈక పడుంటాది" అంటాడు. "ఈక కాదు, నేనే ఫోన్లో పడి మరిచిపొయ్యినా" అని మగ్దలీనమ్మ వదిన ఒప్పుకున్నా వినడు.

బాణానికి మూడు ఈకలు. మూడూ ఒకే వైపు రెక్కవి కావాలి. కలగలిస్తే బాణం తాగినవాడిలా తూలుతుంది. అందుకే గూడూరులో టర్కీ కోళ్లు అమ్మే పద్మనాభయ్యకు ఆయనంటే హడలు. బస్తాడు ఈకలు ఒక్కొక్కటీ చెంపకు రాసి చూస్తాడు.

"ఈ కోడి కుడి రెక్కవి రెండే ఉండాయి. మూడోది యాడ?"

"కోడినడుగు సామీ."

"కోడి యాడ?"

"ఎవరి బిర్యానీలో ఉండాదో!"

పోయిన ఆగస్టులో దుర్గ వచ్చింది. సముద్రం ఒడ్డున చేపలు పట్టే ముత్యాలయ్య కూతురు. "నీ చెయ్యి పనికిరాదు" అన్నాడట కోచ్. నెల్లూరులో సెలెక్షన్‌కు ఆరు వారాలుంది. అది తప్పితే విల్లు పక్కనపెట్టి రొయ్యల కంపెనీకి పొమ్మన్నాడట తండ్రి.

మా బాణాలే నాలుగు వేసింది. నాలుగూ ఎడమకే. నారి వదిలేటప్పుడు మణికట్టు ఎగరేస్తోంది. చెప్పబోయాను. అన్న నా కాలు తొక్కాడు.

"దరిద్రపు ఈకలు! నీ చెయ్యి బంగారం పాపా. ఆదివారం రా, మారుస్తా."

ఆదివారానికి తెల్ల ఈకల చోట ఎర్రవి.

"ఈ ఈకకు రోషమెక్కువ. మణికట్టు కదిలిస్తే అలుగుతాది, జాగర్త."

ఇంకో వారం నీలివి.

"ఇది మహా పొగరుబోతు. బాణం తగిలిందాకా చెయ్యి దించబాక."

ఐదో వారం నల్లవి. బాణాలన్నీ నడిమధ్యలో గుచ్చుకున్నాయి.

ఒకటి పీకి చూశాను. మూడో కణుపు దగ్గర నా కత్తి జారిన గాటు. మొదటిరోజు పాప వేసిన బాణమే!

"అన్నా, బొంగులూ అవే, ఈకలూ అవే గదా! రంగులేసినావా?"

"అరవబాక, పాప వింటాది. ఆ చేతిని ఒకరు తిట్టింది చాలదా? ఈకను తిడితే దానికేం నొప్పి?"

దుర్గ సెలెక్టయింది. వంజరం చేపతో షెడ్డుకొచ్చిన రోజు అన్న గూడూరు పోయి ఉన్నాడు. నేను నవ్వు బిగబట్టుకుని అడిగాను.

"ఈకలు బాగా పనిచేసినాయా పాపా?"

"ఏం ఈకలన్నా! మొదటి వారమే ఎర్ర రంగు నా వేళ్లకి అంటుకునింది. కింద పాత ఈకే."

"మరి అడగలేదే?"

"సమాధానం తాత ఎరుపు మీద నీలం పూసినాడు, నీలం మీద నలుపు పూసినాడు. నలుపు మీద ఇంకేం పూస్తాడో చూద్దామని ఊరుకున్నా."