రంగు డబ్బా మీది మీగడ

నా చిన్నప్పుడు, మేడ్చల్ మీదుగా బొగ్గు రైలు నడిచే రోజుల్లో, మా పక్కింట్లో ఒక చాచా ఉండేవాడు. రైలు పెట్టెలకు రంగులు వేసే పని మానేసి చాలా ఏళ్లయినా ఆయనకు రైలు పిచ్చి మాత్రం వదల్లేదు. కట్టెతో జానెడేసి పెట్టెలు చెక్కి, రేకు చక్రాలు బిగించి, అచ్చం స్టేషన్‌లో ఆగే బండిలాగే రంగులు వేసేవాడు. ముసలితనంలో ఈ ఆటేమిటని ఊరు నవ్వేది. నేనూ తమ్ముడూ మాత్రం ఆ గడప వదిలేవాళ్లం కాదు.

ఆయన రంగులన్నీ పాతవే. యుద్ధం రోజులు, కొత్తవి ఎక్కడ దొరుకుతాయి? గాలి చొరబడకుండా మూత బిగించి డబ్బాలను బోర్లించి పెట్టేవాడు. అయినా కొన్నింటి మీద మందంగా పొర కట్టేది. దాన్ని అలాగే కలిపేస్తే రంగంతా పలుకులవుతుంది. అందుకని అంచు వెంట కత్తి తిప్పి, పాల మీది మీగడలా గుండ్రంగా ఒకే పొరగా తీసేవాడు. కింది రంగును పాత చున్నీ గుడ్డలో వడగట్టుకునేవాడు. తీసిన పొరను ఎండబెట్టి, గుంట తీసి పూడ్చేవాడు. ఒకసారి పారేసిన పొరను నాకి వాళ్ల మేకపిల్ల గిలగిలా కొట్టుకుని చచ్చిపోయింది. అది నేను కళ్లారా చూశాను.

ఆ రోజు ముదురు పసుపు పొరను మోదుగాకు మీద పరిచి, అరుగు మీద పెట్టి, చాచా నమాజుకు వెళ్లాడు. అమ్మా బాపూ పొలంలో ఉన్నారు. తమ్ముడు దాహమంటే నీళ్లు తేవడానికి ఇంట్లోకి వెళ్లి వచ్చాను. అంతలోనే వాడి మూతి నిండా పసుపు. ఆకు మీది పొర ముక్కలై అరుగంతా పడి ఉంది. అంగట్లో మామిడి తాండ్ర మోదుగాకులోనే కట్టి ఇచ్చేవాళ్లు. ఆకూ అదే, రంగూ అదే. పసివాడు ఇంకేమనుకుంటాడు?

వాడి నోట్లో వేలు పెట్టి దొరికింది లాగేశాను. ఆ పైన అరిచిన అరుపు నాదేనని నాకే తెలియలేదు. మేకపిల్ల కాళ్లు కొట్టుకోవడమే కళ్ల ముందు ఆడుతోంది. పెరట్లో ఉన్న నానమ్మ, మా అవ్వ, గుండెలు బాదుకుంటూ వచ్చింది. చాచా పరుగెత్తుకొచ్చి, వాడి నోరు గుడ్డతో తుడిచి, చుట్టూ చూశాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏడ్వకు బేటీ. ముక్కలన్ని ఏరు, జల్దీ. ఒక్కటి ఇడువకు."

"పోరడు పోతాంటే ముక్కలేందయ్యా!" అని అవ్వ మీదికి వచ్చింది. నేను ఒంటి చేత్తో ఏరి ఇస్తుంటే, చాచా డబ్బా మూత మీద ముక్కకు ముక్క చేర్చి పేర్చసాగాడు. పొర తీసినప్పుడు మూతంత గుండ్రంగా ఉంది కదా, ఎంత తగ్గితే అంత వాడి కడుపులో ఉన్నట్టు.

గుండ్రం దాదాపు నిండింది. అంచున బొటనవేలంత ఖాళీ మిగిలింది. తమ్ముడి చొక్కా దులిపాం, ఆకు కింద వెతికాం, ఎక్కడా లేదు. ఆ ఖాళీ నాకు బావి అంత కనిపించింది.

"బండి కట్టుమను అవ్వా, దవాఖానకు పోదాం," అన్నాడు చాచా. అప్పుడే ఆయన చూపు నా ఎడమ చేతి మీద పడింది. "బేటీ, గా చెయ్యి ఇప్పు."

విప్పుదామంటే వేళ్లు నా మాట వినలేదు. చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటే ఆయన విప్పాడు. అరచేతిలో పంటిగాట్లతో పసుపు ముక్క ఉంది. ఖాళీలో సరిగ్గా కూర్చుంది.

చాచా అరుగు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ రంగు ఆయనది. మా అందరికంటే ఎక్కువ భయం ఆయనకే ఉండి ఉంటుంది, కానీ ముక్కలు పేర్చినంతసేపూ దాన్ని పక్కన పెట్టాడు. తమ్ముడు మాత్రం "తాండ్ర శేదున్నది" అని నాకు ఫిర్యాదు చేయడం మొదలుపెట్టాడు. అయినా చాచా మనసు ఆగలేదు. బండి కట్టించి, వాణ్ని ఒళ్లో పెట్టుకుని దవాఖానకు తీసుకుపోయాడు. వాడికేమీ కాలేదు.

ధైర్యం నాకు ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. భయమేస్తే ఇప్పటికీ ముందు చేతులు చూసుకుంటాను. ఎప్పుడు చూసినా బిగుసుకునే ఉంటాయి. చిటికెన వేలి నుంచి ఒక్కొక్కటే విప్పుకుంటాను. మొన్న తమ్ముడికి గుండె ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ వరండాలో కూర్చుని అదే పని చేశాను. వాడికి తెలివి వచ్చాక నన్ను లోపలికి పంపారు. వాడు నా వైపు చెయ్యి చాపాడు. అప్పటికి నా చెయ్యి విప్పే ఉంది.